రాయ్‌పూర్ రైల్వే కాలనీలో చమురు సినిమాలు చూసిన సాయంత్రం

నవంబరు చివర్లో సుజాత ఫోన్ చేసి, "మా ఊళ్ళో నీకు ఒకరోజు పనుంది, వస్తావా?" అని అడిగింది. మేమిద్దరం విశాఖలో బి.ఎడ్. కలిసి చదువుకున్నాం. తర్వాత నేను అనకాపల్లిలో సైన్సు టీచర్‌గా చేరాను. తనేమో శ్రీకాకుళం జిల్లా నుంచి ఎప్పుడో రైల్వే ఉద్యోగానికి వలస వెళ్ళిన కుటుంబంలో కోడలిగా రాయ్‌పూర్ చేరింది. అక్కడి రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ సంఘానికి చిన్న హాలు ఉంది. అందులో పెళ్ళిచూపులు, భజనలు, పుట్టినరోజులు తప్ప మరేవీ జరగవని సుజాతకు ఎప్పటినుంచో బాధ. ఎలాగో సెక్రటరీని ఒప్పించి, మనుషులు చమురు మీద ఎంతగా ఆధారపడ్డారో చెప్పే డాక్యుమెంటరీలు మూడు చూపించడానికి ఒక ఆదివారం సాయంత్రం హాలు సంపాదించింది. సినిమాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళకు తెలుగు కావాలి, పిల్లలకూ పక్కింటివాళ్ళకూ హిందీ కావాలి. "హిందీ నేను చూసుకుంటాను. సైన్సు మాటలు తెలుగులో చెప్పడం నా వల్ల కాదు, ఇక్కడ అన్నీ హిందీలోకి వెళ్ళిపోయాయి" అంది. ఈసారి ప్రదర్శన పాడైతే సెక్రటరీ హాలు మళ్ళీ ఇవ్వడని కూడా చెప్పింది. నేను టికెట్టు తీసుకున్నాను.

విశాఖ నుంచి రాయ్‌పూర్‌కు రాత్రి రైలే అన్నివిధాలా సుఖం. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్తుంది. స్లీపర్ టికెట్టు మూడు వందల పైచిలుకు పడింది. డిసెంబరులో రాయగడ దాటాక కిటికీ సందుల్లోంచి చలి కొరుకుతుంది కాబట్టి దుప్పటి తప్పకుండా ఉండాలి. మహాసముంద్ దగ్గర మెలకువ వచ్చింది. మహానది వంతెన మీద రైలు నెమ్మదించింది. కింద నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. ఆరంగ్ ఊళ్ళోని పాత గుడులు ఆ చుట్టుపక్కలే అని తెలుసు, మర్నాడు చూడాలనుకున్నాను. ఏడు కావస్తుండగా రాయ్‌పూర్‌లో దిగాను. స్టేషన్ బయట బండి మీద ఆకుదొన్నెలో వేడి అటుకుల పోహా, పక్కనే రెండు జిలేబీలు పెట్టి ఇచ్చారు. ఉల్లిపాయ ముక్కలు, సేవ్ అనే సన్న కారప్పూస దండిగా చల్లారు. అదే నా టిఫిన్.

కాలనీకి షేర్ ఈ-రిక్షాలో ఇరవై రూపాయలు. నడిపే ఆయన నడివయసు మనిషి, మంకీ క్యాప్ పెట్టుకుని ఉన్నాడు. ఏ పని మీద వచ్చావని అడిగితే చెప్పాను. నవ్వి, తాను అంతకుముందు డీజిల్ ఆటో నడిపేవాడినని చెప్పాడు. "అప్పుడు చప్పుడుకి ఎక్కినవాళ్ళ మాట వినిపించేది కాదు దీదీ. ఇప్పుడు అందరి కష్టాలూ వినాల్సొస్తోంది" అన్నాడు హిందీలో. మరి ఇదే బాగుందా అంటే, బేరాలు దగ్గరదగ్గరే ఉంటే బాగానే ఉంటుందనీ, దూరంగా అభన్‌పూర్ దాకా రమ్మంటే మాత్రం బ్యాటరీ మీద నమ్మకం ఉండదనీ చెప్పాడు.

సుజాత గేటు దగ్గరే నిలబడి ఉంది. టీ తాగగానే పండరీ బజారుకు బయల్దేరదీసింది. హాలు గోడకు పెచ్చులూడిపోయాయట, సినిమాకు తెర కావాలి. పండరీలో బట్టల దుకాణాలు వరసగా ఉంటాయి. టోకు బేరాలే ఎక్కువ, కానీ ఆదివారం పొద్దున్నే వెళ్తే కొందరు విడిగా కోసి ఇస్తారు. మేము వెళ్ళిన దుకాణంలో పెద్దాయన తెల్లటి పాలిస్టర్ తాను విప్పి, "ఇది తీసుకోండి బెహన్‌జీ, ఒక్క ముడత పడదు" అన్నాడు. సుజాత వద్దంది. అది పెట్రోలియం నుంచి తయారయ్యే బట్ట కాబట్టి ఈ సినిమాలకు కట్టనంది. నూలుగుడ్డే కావాలని పట్టుబట్టింది. పన్నా చాలక రెండు ముక్కలు కొని, ఆ వీధిలోనే ఒక టైలర్ చేత జోడించి కుట్టించాం. కూలీతో కలిపి ఆరు వందల చిల్లర అయింది. అక్కడి నుంచి హాలుకు వెళ్ళి, ఇద్దరం రెండు ఇస్త్రీపెట్టెలు పట్టుకుని గంటసేపు ఆ గుడ్డ మీద కుస్తీ పట్టాం. అయినా మధ్య కుట్టు దగ్గర ముడత పోలేదు. "పాలిస్టర్ అయితే ఈపాటికి భోంచేస్తుండేవాళ్ళం" అన్నాను. "నోరు మూసుకుని రుద్దవే" అంది సుజాత.

మధ్యాహ్నం భోజనం దగ్గర వాళ్ళ మామగారు అప్పారావుగారితో పరిచయమైంది. రిటైరైన ఇంజను డ్రైవరు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని లోకో పైలట్ అంటున్నారు గానీ ఆయనకు డ్రైవరు అనిపించుకోవడమే ఇష్టం. మనిషి బక్కగా, నిటారుగా ఉంటారు. చెవి కాస్త మందం. సుజాత భర్త డ్యూటీలో ఉండడంతో భోజనానికి మేము ముగ్గురమే కూర్చున్నాం. ఆయన పప్పు కలుపుకుంటూ నా ఊరు, నా బడి గురించి అడిగారు. తర్వాత సినిమా మాట వచ్చింది.

"నాను రానమ్మా" అన్నారు కోడలి వైపు చూడకుండా. "ముప్పై ఏళ్ళు డీజిల్ బండి తోలినోణ్ణి. నన్ను కుర్చీలో కూకోబెట్టి డీజిలు పాపమని సెప్తారా? ఈ ఇల్లు, మీ ఆయన సదువు, ఈ కంచంలో మెతుకులు, అన్నీ ఆ పాపంతోనే కదా."

"మిమ్మల్ని అనడానికి కాదు మామయ్యా" అంది సుజాత.

"నన్ను కాపోతే మరెవుల్నమ్మా?"

ఆయన చేయి కడుక్కుని వెళ్ళి తన గదిలో పడుకున్నారు. సుజాత గిన్నెలు సర్దుతూ, "ఈయన రాకపోతే కాలనీలో పెద్దవాళ్ళు చాలామంది రారు. అందరూ ఈయనతో పనిచేసినవాళ్ళే" అని మెల్లగా చెప్పింది. అప్పుడు నాకు తన భయం అర్థమైంది.

ఆరు గంటలకు మొదలుపెట్టాం. అనుకున్నదానికంటే జనం ఎక్కువే వచ్చారు. కుర్చీలు చాలక ముందు జంబుఖానా పరిచారు. ప్రొజెక్టరు సుజాత పనిచేసే స్కూలుది. మొదటి పది నిమిషాలు పెద్ద గందరగోళం. తను మైకులో హిందీ, నేను ఎడమవైపు కూర్చున్న పెద్దలకు తెలుగు, తెర మీద ఇంగ్లీషు. మూడూ కలిసి చేపల బజారు అయింది. వెనక నుంచి ఒకావిడ, "ఒక్కొక్కలు సెప్పండమ్మా, ఆగి ఆగి సెప్పండి!" అని కేకేశారు. అప్పటి నుంచి కాసేపు నడపడం, ఆపడం, ముందు హిందీలో, తర్వాత తెలుగులో చెప్పడం చేశాం. అది బాగా కుదిరింది. మధ్యమధ్య జనమే ప్రశ్నలు వేయసాగారు.

మొదటి సినిమా వేరే దేశంలో సముద్రం ఒడ్డునున్న పల్లె గురించి. ఓడలోంచి ముడిచమురు కారి ఒడ్డంతా నల్లటి జిగురు అయిపోయింది. చేపలు పట్టేవాళ్ళు బకెట్లతో, చీపుళ్ళతో దాన్ని ఎత్తిపోస్తుంటారు. ఒక మనిషి తన వలను రెండు చేతులతో పైకెత్తి కెమెరాకు చూపించి, మాటాడకుండా కింద పడేస్తాడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, వల అంటే ఏమిటో వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సినిమా అయిపోతుండగా వెనక తలుపు దగ్గర అప్పారావుగారు కనిపించారు. మఫ్లరు చుట్టుకుని, లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. సుజాత చూసింది, పిలవలేదు.

రెండో సినిమా ఒక ఇంట్లో పొద్దున లేచిన దగ్గర నుంచి వాడే వస్తువుల్లో చమురుతో తయారైనవి ఏవో చూపిస్తుంది. పళ్ళు తోముకునే బ్రష్షు, చెప్పులు, పాల ప్యాకెట్టు, మందుబిళ్ళ పైపూత. పిల్లలు తమ ఒంటి మీద ఏమున్నాయో వెతుక్కుని నవ్వుకున్నారు. తర్వాత హైవే మీద వరసగా ట్యాంకర్లు పోతున్న దృశ్యం వచ్చింది. వాటి మీద వ్యాఖ్యాత గొంతు వినిపించింది. సుజాత హిందీలో చెప్పాక నేను తెలుగులో చెప్పాను: ఈ బండ్లు ఎంత తొందరగా ఆగిపోతే మనకు అంత మంచిది.

సెక్రటరీగారు ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, "విన్నావా కుమారీ? మీ ఆయన గాడీకి ఇక బ్రేకే!" అన్నారు. సరదాకే అన్నారు. చుట్టూ కొందరు నవ్వారు.

కుమారి అంటే రెండో వరసలో కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి. రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. భర్త దిలీప్ అభన్‌పూర్ వైపు ఛత్తీస్‌గఢీ మనిషి, ఊరి బయట డిపో నుంచి పెట్రోలు ట్యాంకరు నడుపుతాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమె మొహం గంటుపెట్టుకుని లేచి, కూతుర్ని చంకనేసుకుని చెప్పుల కోసం వెతకడమే చూశాను.

"కూర్చో కుమారీ, ఊరికే అన్నారు" అంది సుజాత మైకు పక్కన పెట్టి.

"మజాక్ అని నాకూ తెలుసు దీదీ" అంది కుమారి. "ఆయన గాడీ ఆగిపోతే మంచిదని ఈ మేడమ్ చెప్పింది, అందరూ నవ్వారు. మీరంతా ఇక్కడికి స్కూటర్ల మీదే కదా వచ్చారు? ఆ పెట్రోలు ఎవరు తెచ్చారు? ఎండాకాలంలో ఆ క్యాబిన్‌లో కూర్చుని తెచ్చేది మా ఆయన. చెడ్డవాడు ఒక్క ఆయనేనా?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. వ్యాఖ్యాత చెప్పిందే నేను చెప్పానని ఆమెతో అనాలనిపించింది. కానీ ఆమె విన్నది నా గొంతునే. "నేను చెప్పిన మాట మీకు తగిలింది. ఆ మాట మీ ఆయన గురించి అని నేను అనుకోలేదమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె తల ఊపింది గానీ కూర్చోలేదు.

అప్పుడు అప్పారావుగారు గుమ్మం వదిలి లోపలికి వచ్చారు. "కూకో కుమారీ. నా మాటొకటి ఇనేసి ఎల్లు" అన్నారు. సుజాత మైకు ఇవ్వబోతే వద్దన్నారు. చెవి మందం కాబట్టి ఆయన మామూలుగా మాట్లాడినా హాలంతా వినిపిస్తుంది.

"మా లైనుకి కరెంటు తీగలొచ్చినప్పుడు మా డీజిలోళ్ళందరికీ ఆర్డరొచ్చింది. కరెంటింజను నేర్చుకోవాలని. నాకప్పుటికే యాభై దాటిపోనాయి. మా ఓడి వయసు కుర్రోడు బోర్డు కాడ నిలబడి పాఠం సెప్తన్నాడు. నాకేటీ బుర్రకెక్కనేదు. పరీచ్చలో ఫెయిలైపోనాను." మఫ్లరు వదులు చేసుకున్నారు. "ఇంట్లో సెప్పనేదు. ట్రైనింగని కేరేజీ పట్టుకెల్లి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూకునేవోణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చీవోణ్ణి. అలాగ శానా రోజులు. కరెంటుని తిట్టాను, సర్కారుని తిట్టాను. పొగ మంచిదా సెడ్డదా అని ఒక్కనాడూ ఆలోచించనేదు. నా పనేటైపోద్ది, నన్నెవులు డ్రైవరు బాబంటారు, అదొక్కటే గుబులు."

"తర్వాత ఏమైంది తాతా?" అని జంబుఖానా మీద నుంచి ఒక పాప అడిగింది.

"రెండోసారి పాసైనానమ్మా. ఆఖర్న కరెంటు బండే తోలి దిగిపోనాను. గొప్పకి సెప్పట్నేదు. నాకు బయమేసింది, అదే సెప్తన్నాను. మద్దేన్నం మా కోడలి మీద కోపమొచ్చిందీ ఆ బయంతోటే."

సుజాత వైపు చూశాను. ఆ బెంచీ సంగతి తనకు తెలియదని మొహంలోనే కనిపించింది. రోజూ ఆ క్యారేజీ కట్టింది తనే.

కుమారి నిలబడే ఉంది. "మీకు రైల్వే ఉంది బాబాయ్" అంది. కోపంగా కాదు, నింపాదిగానే. "ఫెయిలైనా మీ నెల తన్‌ఖా ఆగలేదు. మళ్ళీ కూర్చోబెట్టి నేర్పారు. మా ఆయనకి ఎవరు నేర్పుతారు? గాడీ మాలిక్ నేర్పుతాడా?"

అప్పారావుగారు ఆమెను చూశారు. "నాకు తెల్దమ్మా" అన్నారు. అలా అని, ఆమె పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. కుమారి కూడా కూర్చుంది.

మూడో సినిమా కార్లు లేని వీధుల గురించి. అది ఆ రోజు చూపించలేదు. వేస్తే వినే స్థితిలో ఎవరూ లేరు. సుజాత టీ తెప్పించింది. జనం కుర్చీలు ఇటూ అటూ తిప్పుకుని మాట్లాడుకున్నారు. ఒకాయన రైల్వేలో పోయిన పనుల గురించి చెప్పాడు. ఒక నర్సు, ఆసుపత్రిలో సెలైన్ సీసాలు ప్లాస్టిక్‌వి రాకముందు గాజువి ఉడకబెట్టిన రోజుల గురించి వాళ్ళమ్మ చెప్పిన కబుర్లు చెప్పింది. ఏదీ తేలలేదు. సెక్రటరీగారు కుమారి దగ్గరికి వెళ్ళి ఏదో సంజాయిషీ చెప్పుకున్నారు, ఆమె సరేనన్నట్టు తల ఊపింది. ఎనిమిదిన్నరకు తెర విప్పాం. ఇంటికి నడుస్తుంటే అప్పారావుగారు కొంచెం ముందు నడుస్తున్నారు. సుజాత అడుగు కలిపి, "అప్పుడు నాకైనా చెప్పొచ్చు కదా మామయ్యా" అంది. "నీకెలా సెప్తానమ్మా, నువ్వు కొత్త కోడలివి" అన్నారు ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున ఆరంగ్ బస్సు కోసం తయారవుతుంటే తలుపు చప్పుడైంది. కుమారి, వెనకాల దిలీప్. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి నేరుగా వచ్చినట్టున్నాడు, తల ఇంకా తడిగా ఉంది. "ఈయనకి చెప్పాను. నేను ఏదో ఊహించుకున్నానంటున్నాడు. అదే సినిమా చూపించండి మేడమ్" అంది. ఆరంగ్ సంగతి వదిలేశాను. వరండాలో స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి, సుజాత పక్కన కూర్చుని హిందీలో చెబుతూ ఉంటే, మొదటి సినిమా నుంచే చూశాడు. రెండోదానిలో ట్యాంకర్లు వచ్చినప్పుడు కుమారి అతని మొహమే చూస్తోంది. అతను మాత్రం, "గాడీలు బాగున్నాయి, రోడ్డు ఇంకా బాగుంది" అన్నాడు.

అయిపోయాక మొదటి సినిమాకు వెనక్కి వెళ్ళమన్నాడు. ఆ వల ఎత్తి చూపించిన మనిషి దగ్గర ఆపించాడు. "తర్వాత ఈయన ఏం పని చేసుకున్నాడు?" అని అడిగాడు.

సుజాత నన్ను చూసింది. సినిమాలో అది లేదు. సముద్రం ఎంత పాడైందో, శుభ్రం చేయడానికి ఎంత కష్టమో అన్నీ ఉన్నాయి. ఆ మనిషి ఆ తర్వాత ఎలా బతికాడో లేదు. నేను బడిలో పిల్లలకు ఇదే సినిమా చాలాసార్లు చూపించాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. తెలియదని చెప్పాం.

దిలీప్ ఇంకోసారి ఆ మనిషి మొహం చూశాడు. "లోడింగ్ కోసం మేము రోజూ డిపో బయట ఎదురుచూస్తాం. మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాం. ఇది అక్కడ వేస్తారా? హిందీలో మాత్రం చెప్పాలి" అన్నాడు. లోపల పేపరు చదువుకుంటున్న అప్పారావుగారికి కుమారి గట్టిగా మళ్ళీ చెబితే వినిపించింది. "నానూ వొస్తాను. ఇంట్లో నాకు పనేటుంది" అన్నారు.

నేను ఆ సాయంత్రం రైలుకే తిరిగి వచ్చేశాను. కొన్ని వారాల తర్వాత సుజాత ఫోన్ చేసి అక్కడి విశేషాలు చెప్పింది. డిపో బయట ఒక దాబా వెనక గోడకు మా ముడతల తెర కట్టి చూపించారట. సగంలో లోడింగ్ పిలుపు వచ్చి కొందరు లేచి వెళ్ళిపోయారట. మిగిలినవాళ్ళు ఎలక్ట్రిక్ లారీలు నిజంగా వస్తాయా, వస్తే వాటిని నడపడానికి వేరే లైసెన్సు కావాలా అని అడిగారట. తెలుసుకుని చెబుతామని సుజాత మాట ఇచ్చి, ఇప్పుడు దాని వెనక తిరుగుతోంది. కాలనీ హాలు మాత్రం మళ్ళీ ఇస్తామన్నారు. సెక్రటరీగారు ఈసారి తానే వెనక వరసలో కూర్చుంటానన్నారట.

చమురు వాడకం తగ్గాలన్న నా అభిప్రాయం రాయ్‌పూర్ వెళ్ళి వచ్చాక మారలేదు. ఇంకా గట్టిపడింది. కానీ ఆ మాట క్లాసులో చెబుతున్నప్పుడు ఇప్పుడు ఒక మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది, ఆ మనిషి పని పోతే ఏం చేస్తాడో కూడా పాఠంలో భాగంగా చెప్పాలనిపిస్తుంది. చెప్పడానికి నా దగ్గర ఇంకా పెద్దగా ఏమీ లేదు. తెలియదని ఒప్పుకుని కుర్చీలో కూర్చోవడం అప్పారావుగారి దగ్గర చూశాను కాబట్టి, ప్రస్తుతానికి పిల్లలతో అదే చెబుతున్నాను. పిల్లలు నాకంటే ఓపికగా వింటున్నారు.

ఇలాంటి ప్రదర్శనకు మీరు ఎక్కడికి ప్రయాణం కట్టినా ఒక్క సలహా: తిరుగు టికెట్టు మర్నాడు సాయంత్రానికి తీసుకోండి. సినిమా అయిపోయిన పూట వెళ్ళిపోతే, పొద్దున తలుపు తట్టేవాళ్ళను కలవలేరు.